కిటికీలు చేసిన కుటుంబము



ఇల్లు కట్టించుకొన్న వారికి వడ్రంగి పనిలోని చిక్కులు తెలియనివి కావు. గోడలు లేచును, ద్వారబంధము సిద్ధము కాదు. ద్వారబంధము వచ్చును, కిటికీ చట్రము గోడలో విడిచిన చోటికి సరిపోదు. మరల రంపము, మరల చిత్రిక, మరల కూలి! నూఱేండ్లకు పూర్వము అమెరికాలోను ఇట్లే యుండెడిది. అచట ఈ చిక్కును తగ్గించిన యొక కుటుంబము చరిత్రమును నేడు మీకు చెప్పదలచితిని.

హాన్సు ఆండర్సను డెన్మార్కు దేశస్థుడు. యౌవనముననే అమెరికాకు వలసపోయి, అడవి నఱకి నేల చదును చేయు జట్టులో కూలికి చేరెను. ఆంగ్లమున ఆయన మొదట నేర్చిన మాటలు "అందఱము కలసి, అబ్బాయిలూ" అనునవేనని చెప్పుకొందురు. 1903 లో విస్కాన్సిన్ రాష్ట్రమున, సెయింట్ క్రాయ్ నదీతీరమందలి హడ్సను పట్టణమున, ఫ్రెడ్, హెర్బర్ట్ అను తన కుమారులతో కలసి కలప వ్యాపారము నారంభించెను.

ఆ కాలమున ప్రతి చట్రమును వడ్రంగి ఇంటికడనే కొలిచి, కోసి, కూర్చవలసి వచ్చెడిది. ఆండర్సను కొలతలను ముందుగానే స్థిరపఱచి, నిలువు కొయ్యలను ఒక కట్టగను, అడ్డకొయ్యలను మఱియొక కట్టగను కట్టించి అమ్మించెను. ఐదు చీరలకు ఐదు రవికలను మార్చి మార్చి ధరించినచో ఇరువదియైదు విధములగును గదా! అట్లే ఐదు పొడవుల కొయ్యలును ఐదు వెడల్పుల కొయ్యలును ఉన్నచో ఇరువదియైదు పరిమాణముల కిటికీలు సిద్ధమగును. వర్తకునకు సరకు నిలువ తగ్గెను; ఇల్లు కట్టువానికి కాలము కలిసివచ్చెను. 1913 లో వారు నది యావలి యొడ్డున, మిన్నెసోటా రాష్ట్రమున, నేడు బేపోర్టు అనబడు ఊరికి కర్మాగారమును మార్చిరి. 1932 లో చట్రమును, రెక్కను, అద్దమును కూర్చి సిద్ధము చేసిన కిటికీలనే అమ్మసాగిరి. తరువాతి కాలమున తలుపులును చేసిరి.

అయితే నాకు ఇంతకంటె ముఖ్యముగ తోచినది వేఱొకటి కలదు. 1914 లో ఆ సంస్థ లాభములలో పనివారికి భాగము పంచు పద్ధతిని స్థాపించెను. నాటి అమెరికాలో అట్టి సంస్థలు బహు స్వల్పము. ఆ యేడే హాన్సు కాలధర్మము నొందెను. భారము కుమారులపై బడెను. కూలిగా బ్రతుకు మొదలిడిన తండ్రి, యజమానియైన పిదపను కూలివాని చెమటను మఱవలేదు.

మనలో పెక్కుమంది యిండ్లలో దుకాణమో, మిల్లో, కార్ఖానాయో కలదు. పండుగకు పనివానికి పంచె యిచ్చి, వాని భార్యకు చీర పెట్టి, మన ధర్మము తీరెనని తలంతుము. అది మంచిదే, కాని అది మన దయ. లాభములో భాగము వాని శ్రమకు చెందినది. లాభము లేని యేట పంచుటకు ఏమియు నుండదు గనుక, ముందు కూలి నిండుగ నీయవలెను, భాగము దానిపైన. భాగము చూపి కూలి తగ్గించుట న్యాయము కాదు.

ఈ యేటి లెక్కలు ముగించునాడు, "మన లాభములో పనివారి పాలు ఎంత?" అని మీ యింటివారిని ఒక్కమాఱు అడుగుడు. ఇంటి పేరు నిలుపు బాధ్యత మనకును కలదు.