క్షమించడానికి మనమెవరం?

కర్ణుడు మంచోడా, చెడ్డోడా? 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైన దగ్గర్నుంచి ఈ గొడవ ఆగింది లేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం... మన పిల్లలు నలుగురు చేరిన చోటల్లా ఇదే వాదన. ఒకరు కర్ణుడి దానం చెప్తారు, ఇంకొకరు ద్రౌపది సభ ఎత్తుతారు. మధ్యలో అశ్వత్థామ వస్తాడు. నిద్రపోతున్న పిల్లల్ని చంపినోడు హీరో ఎట్లా అవుతాడని ఒకరంటే, ఆరు వేల ఏళ్లు అనుభవించాడు కదా, ఇంకేం కావాలని ఇంకొకరు.

ఇవి సినిమా పిచ్చి మాటలని నేను కొట్టిపారేయను. తప్పు చేసిన బలవంతుడిని ఏం చేయాలి అనే ప్రశ్న ఇందులో ఉంది. ఇక్కడ అలవాటైన ఆలోచనతోనే మనం రేపు ఊరి పంచాయితీలో కూర్చుంటాం, సంఘం మీటింగులో చెయ్యెత్తుతాం. అందుకే నా మాట ముందే చెప్తున్నా. క్షమించాలా వద్దా అన్నది అభిమానులు తేల్చే విషయం కాదు. దెబ్బ తిన్నవాళ్లు తేల్చాలి. అది కూడా, చేసిన తప్పేమిటో వాళ్ల ముందు బయటపడ్డాకే.

ముందు అశ్వత్థామ సంగతి. సినిమాలో కృష్ణుడు శపిస్తాడు, రాబోయే కల్కిని కడుపులో మోసే తల్లిని కాపాడితే నీ పాపం పోతుందని దారి కూడా చూపిస్తాడు. అమితాబ్ బచ్చన్ అంత ఎత్తున నిలబడి ఆ తల్లికి అడ్డం పడుతుంటే హాలంతా ఈలలే. చంపించుకున్న ఐదుగురు పిల్లల తల్లి ఎక్కడుంది? ద్రౌపదికి ఆ కథలో మాట లేదు. నేరం ఒకరి మీద జరిగింది, ప్రాయశ్చిత్తం ఇంకొకరి దగ్గర తీర్చుకున్నాడు, చప్పట్లు మనం కొట్టాం.

పోతన భాగవతం మొదటి స్కంధం తీసి చూడండి. అర్జునుడు అశ్వత్థామను కట్టేసి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఆమె అతన్ని వదిలేయమంటుంది, నిజమే. నాలా ఇతని తల్లి కూడా కొడుకు కోసం ఏడవకూడదు అంటుంది. మనకు చెప్పే నీతి పాఠం ఇక్కడితో ఆపేస్తారు. కానీ అంతకుముందు ఆమె అతని మొహం మీదే అడిగింది. నా పిల్లలు ఆయుధాలు పట్టుకుని నీ మీదికి వచ్చారా? నీకేమన్నా కీడు చేశారా? చీకట్లో నిద్రపోతున్న పసివాళ్లను చంపడానికి నీకు చేతులెట్లా వచ్చాయి? తెలుగు చదువుకున్న చాలామందికి నోటికొచ్చే పద్యం అది. మనం దాన్ని కరుణ రసం అని చదువుకున్నాం. నాకైతే అది చార్జిషీటు. నేరం ఏంటి, ఎప్పుడు, ఏ స్థితిలో ఉన్నవాళ్ల మీద, కారణం ఉందా లేదా, అన్నీ ఉన్నాయి అందులో. అదంతా అయ్యాకే ఆమె నోటి నుంచి విడుదల మాట వచ్చింది. అప్పుడు కూడా తల గొరిగి, నుదుటి మణి పెరికి, వెళ్లగొట్టారు. ప్రాణం వదిలారు గానీ శిక్ష వదల్లేదు.

భారతం సౌప్తిక పర్వంలో ద్రౌపది ఆ మాత్రం దయ కూడా చూపదు. వాడిని చంపే దాకా అన్నం ముట్టనని కూర్చుంటుంది. చివరికి మణి తెచ్చి చేతిలో పెడితే లేచింది. ఒక కథలో వదిలేయమంది, ఇంకో కథలో చంపమంది. రెండూ ఆమె హక్కే. రెండు చోట్లా ఆమెను అడిగారు. ఆరు వేల ఏళ్ల తర్వాత జరిగే మన సినిమాలో అడగలేదు.

ఇక కర్ణుడు. మనవాళ్లకు కర్ణుడంటే ప్రాణం. ఎందుకో నాకు తెలుసు. విద్య చూపించడానికి వస్తే నీ కులమేంటని అడిగారు అతన్ని. 1977లో ఎన్టీఆర్ ‘దానవీరశూరకర్ణ’ తీసినప్పుడు సుయోధనుడి నోట ఆ కులం ప్రశ్న మీద పెట్టిన డైలాగులు మన పల్లెల్లో ఇవాళ్టికీ పిల్లలు అప్పజెప్తారు. ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడిగించుకున్నవాడు, అద్దె ఇంటి కోసం ‘మీరేవుళ్లు’ అనిపించుకున్నవాడు కర్ణుడిలో తనను చూసుకోవడంలో తప్పులేదు.

కానీ అదే కర్ణుడు నిండు సభలో ద్రౌపదిని కులట అన్నాడు. ఆమె వలువలు ఊడదీయమని దుశ్శాసనుడికి చెప్పాడు. దుర్యోధనుడి తమ్ముడే, వికర్ణుడు, ఇది అన్యాయమని లేచి మాట్లాడితే నువ్వు పిల్లోడివి కూర్చోమన్నాడు. అవమానం ఎట్లా ఉంటుందో తెలిసినవాడు తనకన్నా నిస్సహాయంగా నిలబడ్డ మనిషిని అవమానించాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కర్ణుడికి లక్షల్లో అభిమానులున్నారు. వికర్ణుడి బొమ్మ ఉన్న టీషర్టు నేను ఇంతవరకు చూడలేదు.

కర్ణుడు బాధపడ్డాడు కదన్నా అంటారు. పడ్డాడు. ఉద్యోగ పర్వంలో, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను అన్న మాటలకు ఇప్పుడు కుమిలిపోతున్నానని కృష్ణుడితో చెప్పుకున్నాడు. ఎక్కడ చెప్పాడు? ఒంటరిగా, రథంలో. ఎవరికి చెప్పాడు? కృష్ణుడికి. అవమానం నిండు సభలో, పశ్చాత్తాపం చాటుగా. ద్రౌపది దాకా ఆ మాట పోనేలేదు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. మన పడమటి ప్రకాశంలో అట్రాసిటీ కేసు పెట్టిన ఏ ఇంటికైనా పోయి అడగండి. కొట్టింది నడివీధిలో, తిట్టింది పదిమందిలో. ఎఫ్‌ఐఆర్ అయిన నాలుగో రోజు రాత్రి పెద్దమనుషులు వస్తారు. “పిల్లోడు తాగి ఏదో చేశాడు, బాధపడుతున్నాడు, ఊళ్లో కలిసి బతకాల్సినోళ్లం, పోనీయండి” అంటారు. ఆ ‘కలిసి బతకడం’ వెనక కౌలు పొలం ఉంటుంది, తీర్చని అప్పు ఉంటుంది, ఎండాకాలం ఎవరి బోరు నీళ్లు తాగాలన్న భయం ఉంటుంది. కాదన్న మనిషికి మొండిదని, డబ్బు కోసం కేసు పెట్టిందని పేరు. అవునంటే సాక్షులు అడ్డం తిరుగుతారు, కేసు పోతుంది, రేపు అదే కేసును తప్పుడు కేసుల లెక్కలో చూపిస్తారు. దీన్ని క్షమాపణ అనకండి. ఇది వసూలు.

ఒకప్పుడు దేశంలో పిల్లలు దిద్దిన పలకలు మన మార్కాపురం నుంచి పోయేవి. పలక మీద రాత చేత్తో తుడిస్తే పోతుంది. నేరం అట్లా పోకూడదనే 1989 చట్టంలోని నేరాలను రాజీకి వీలున్న జాబితాలో పెట్టలేదు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 15-ఏ ఇంకో అడుగు ముందుకేసింది. బెయిలు దగ్గర్నుంచి శిక్ష దాకా బాధితుల మాట వినాల్సిందే అంది. ద్రౌపదిని అడగండి అని చెప్పే సెక్షన్ అది. మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

అడగకపోతే ఏమవుతుందో మన జిల్లా చరిత్రే చెప్తుంది. కారంచేడు అప్పుడు మన ప్రకాశం జిల్లాలోది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టు చివరి తీర్పు వచ్చేసరికి 2008. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 56 మందికి శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇంకా పాతవి ఎందుకు తవ్వుతారు అనేవాళ్లకు ఒకటే జవాబు. మూసేస్తేనే కదా తవ్వడం. ఇవి ఎన్నడూ మూతపడలేదు.

ఇప్పుడు చేదు మాట. రాత్రిపూట వచ్చే పెద్దమనుషులు మనలోనూ ఉన్నారు. సంఘంలో ఒక అన్న మీద ఒక చెల్లి ఫిర్యాదు చేసిందనుకోండి. మనం ఏమంటాం? “ఉద్యమానికి ఎంత చేశాడు! ఎన్ని కేసులు మోశాడు! ఇప్పుడు బయటపెడితే అవతలోళ్లు నవ్వుతారు.” అచ్చం కర్ణుడి అభిమాని వాదన ఇదే. దానాలు లెక్కపెట్టి సభను మరిపించడం. అన్న చేసిన మంచి నిజమే. ఆ మంచి మీ దగ్గర జమ అయింది. చెడు ఆ చెల్లి ఖాతాలో పడింది. మీ జమతో ఆమె అప్పు ఎట్లా తీరుస్తారు?

2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఈ విషయంలో మనకన్నా తెలివిగా ఉంది. రాజీ ప్రయత్నం జరగొచ్చు, కానీ ఫిర్యాదు చేసిన మహిళ కోరితేనే. అది కూడా డబ్బు ప్రాతిపదికన కుదరదు. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో కనుక్కోండి. సభ్యుల పేర్లు గోడ మీద లేకపోతే అడగండి. సంఘాల్లోనూ అట్లాంటిది ఉండాలి. నాయకుడికి దగ్గరివాళ్లు అందులో కూర్చోకూడదు.

మార్వెల్ చూసే తమ్ముళ్లకు 2016 నాటి ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ గుర్తుండే ఉంటుంది. లోకాన్ని కాపాడే పోరాటంలో తన కొడుకు చచ్చిపోయాడని ఒక తల్లి ఐరన్ మ్యాన్‌ను నిలదీస్తుంది. కాపాడిన లక్షల మంది లెక్క ఆమె ముందు పనికిరాలేదు. అతను తన మీద నిఘాకు ఒప్పుకోవడానికి ఆ తల్లి మాట కూడా కారణం. అంతటి హీరోనే ఒక తల్లి లెక్క అడిగితే, మన హీరోలు ఏపాటి?

అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇదే. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి అన్నారు. ఆయన ఫొటో పెట్టుకుని ఇంకొకరికి భక్తులం కావడం ఆయనకు చేసే అవమానం.

మరి మనిషి మారడా, మారితే చోటు లేదా అని అడుగుతారు. ఉంది. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉంది కదా, ఆ బుద్ధుడి దగ్గరే అంగుళిమాలుడి కథ ఉంది. అంతమందిని చంపినవాడిని బుద్ధుడు భిక్షువుగా చేర్చుకున్నాడు. ఆ తర్వాత అతను భిక్షకు పోతే జనం రాళ్లతో కొట్టారు. తల పగిలి, నెత్తురు కారుతూ తిరిగొచ్చాడు. బుద్ధుడు జనాన్ని తప్పుపట్టలేదు. నువ్వు చేసినదాని ఫలం, ఓర్చుకో అన్నాడు. సంఘంలో చోటు ఇవ్వడం బుద్ధుడి చేతిలో ఉంది, ఇచ్చాడు. క్షమించడం ఆ ఊళ్ల చేతిలో ఉంది. దాన్ని ఆయన లాక్కోలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కర్ణుడిని ప్రేమించండి. అతన్ని కులం అడిగిన సభ మీద కోపం పెంచుకోండి. అదే కోపంతో, అతను కూర్చున్న రెండో సభను కూడా చూడండి. ఆ సభలో కర్ణుడి పక్కన కూర్చోవడానికి చాలామంది ఉన్నారు. లేచి నిలబడాల్సింది వికర్ణుడి పక్కన.

వచ్చే భాగంలో ఏకలవ్యుడి గురించి రాస్తాను. గిరిజన పిల్లల గురుకులాలకు కేంద్రం ఆయన పేరే పెట్టింది. బొటనవేలు అడిగిన గురువు మాత్రం ఇంకా ఎవరికీ జవాబు చెప్పలేదు.

జై భీమ్.