కోసేయడం ఈజీ, స్టాక్‌కు తేవడమే పని

సౌండ్ కోసం ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ కోయించినవాళ్లు పాతబస్తీలో ఎందరో! 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన 98 సీసీ బండి అది. టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ ఒట్టి పొగగొట్టం కాదు. అందులోంచి వెనక్కొచ్చే ప్రెషర్ తరంగం, బయటికి జారిపోతున్న పెట్రోల్ మిశ్రమాన్ని సిలిండర్‌లోకి తిరిగి నెడుతుంది. కోస్తే మోత పెరుగుతుంది, పికప్ పోతుంది. (బీటెక్‌లో పరీక్ష కోసం చదివా, అర్థమైంది మాత్రం షెడ్డులోనే.)

సైలెన్సర్‌దేముంది, మార్చొచ్చు. ఆకురాయితో అరగదీసిన పోర్టుకు లోహం మళ్లీ రాదు. ఒరిజినల్ సిలిండర్ కోసం జుమేరాత్ బజార్ పాత సామాన్లలో వెతుక్కోవాల్సిందే.

రెజ్యూమెలో ‘బైక్ మాడిఫికేషన్’ అని రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక్క బండిని స్టాక్‌కు తెచ్చి చూడండి. విప్పేముందే వెర్నియర్‌తో కొలతలు తీసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్కే పట్టుకెళ్లండి.