సీసా సరే, గొట్టము సంగతేమి?



2024 నవంబరులో బళ్లారి ప్రభుత్వాస్పత్రిలో సిజేరియన్ కాన్పుల పిదప అస్వస్థులై ఐదుగురు బాలింతలు ఒకరి వెనుక ఒకరు మరణించిన సంగతి పాఠకులు మరచి ఉండరు. అనుమానము రింగర్ లాక్టేట్ అను ద్రవము మీదికి పోయినది. కర్ణాటక ప్రభుత్వము ఆ సరుకు వాడకము నిలిపి, డ్రగ్ కంట్రోలరును సస్పెండు చేసినది. చేయవలసిన పనియే. కాని సీసాలోని మందును గురించి జరిగిన చర్చలో, దానిని ఒంటిలోకి పంపు గొట్టమును గురించిన మాట వినరాలేదు.

గొట్టములోనికి నెత్తురు ఎగదన్నుట వార్డులలో నిత్యము చూచునదే. కారణము సులభము. పడుకొన్న మనిషి చేతి సిరలో పీడనము సాధారణముగా అర అడుగు నీటి ఎత్తుకు మించదు. సీసా మూడడుగుల పైన వ్రేలాడునంతవరకు మందు లోపలికే పోవును. సీసా వట్టిపోయినను, రోగి మరుగుదొడ్డికి పోవుచు దానిని క్రిందికి దించినను, అదే చేతికి బి.పి. పట్టీ బిగించినను నెత్తురు వెనుకకు వచ్చును. వచ్చినది గడ్డకట్టి సన్నని సూదిగొట్టమును మూసివేయును. ఇక మరల గుచ్చుటే. విరేచనములతో సిరలు దొరకని పసిబిడ్డకు అది చిన్న బాధ కాదు. ఆ గడ్డను సిరంజితో బలవంతముగా నెట్టుట అంతకంటె ప్రమాదము.

నివారణకు పెద్ద ఖర్చు లేదు. సీసా పూర్తిగా వట్టిపోకముందే మార్చవలెను. మందు ఇచ్చిన పిదప శుభ్రమైన ఉప్పునీటి సెలైనుతో గొట్టము కడిగి, చివరి చుక్క తోయుచుండగనే క్లాంపు వేయవలెను. చేతి సిరలకు ఇదియే చాలును, హెపారిన్ అక్కరలేదు. నెత్తురును వెనుకకు రానీయని కవాటములును ఉన్నవి గాని, అవి వచ్చువరకు ఆగనక్కరలేదు.

రాత్రివేళ ఒక నర్సు వార్డంతయు చూడవలసి వచ్చినచో, సీసా వంక చూచువారు రోగి బంధువులే. రెగ్యులేటరును తాము త్రిప్పరాదని, సీసా అడుగంటక మునుపే నర్సును పిలువవలెనని వారికి ఎవరో ఒకరు చెప్పవలెను గదా! 1953లో రాయదుర్గము, ఆలూరు, ఆదోని ఆంధ్రలో చేరినను, ఆ వైపు జనము నేటికిని వైద్యమునకు బళ్లారికి వచ్చుచునే యున్నారు. కావున ఈ నాలుగు మాటలు ప్రతి వార్డులో కన్నడమునను, తెలుగునను వ్రాయించవలెను. ప్రతి మంచమునకు తగిన ఎత్తుగల స్టాండు, రాత్రి డ్యూటీకి చాలినంత మంది నర్సులు ఉండునట్లు ఆరోగ్యశాఖవారు చూడవలెనని కోరుచున్నాను.

— ఒక పాఠకుడు,
తారానగర్, సండూరు తాలూకా