సీఎల్ మాయలో పడొద్దు!

“అన్నా, లాపీ బాగా స్లో అయింది. సీఎల్20 ర్యామ్ వేస్తే రాకెట్‌లా పోతుందని షాపులో అంటున్నారు. రేటు కాస్త ఎక్కువే. తీసుకోనా?” మొన్న మా బాబాయి కొడుకు ఫోన్. ఇంజినీరింగ్ మూడో ఏడాది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులు. అందుకే వెంటనే ‘ఊ’ అనలేకపోయా.

ముందు ఈ సీఎల్ సంగతి చూద్దాం. ప్రాసెసర్ అడిగాక ర్యామ్ డేటా ఇవ్వడం మొదలుపెట్టడానికి ఎన్ని క్లాక్ సైకిల్స్ పడుతుందో చెప్పే అంకె ఇది. టిఫిన్ సెంటర్‌లో టోకెన్ ఇచ్చాక ప్లేటు వచ్చేదాకా నిలబడే టైమ్ అనుకోండి. తక్కువైతే మంచిదే. కానీ ఎంత మంచిది?

సీఎల్‌ను 2000తో గుణించి, ర్యామ్ స్పీడుతో భాగించండి. నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్4-3200లో మామూలు సీఎల్22కి 13.75, సీఎల్20కి 12.5. తేడా 1.25 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు! పైగా తరచూ వాడే డేటాను ప్రాసెసర్ తన క్యాషేలోనే పెట్టుకుంటుంది. కాబట్టి బ్రౌజింగ్, కోడింగ్‌లో ఈ తేడా మన కంటికి ఆనదు.

ఇంకో తిరకాసు. పాత సీఎల్22 స్టిక్ పక్కన కొత్త సీఎల్20 పెడితే, మామూలుగా రెండూ నెమ్మదైనదాని లెక్కకే దిగుతాయి. ఎక్కువ పెట్టిన డబ్బు గోవిందా!

వాడితో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిపించా. 8 జీబీ దాదాపు నిండిపోయింది. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. దొంగ దొరికాడు! ర్యామ్ నిండితే విండోస్ కొంత డేటాను ఎస్‌ఎస్‌డీలోకి నెడుతుంది. అక్కణ్నుంచి వెనక్కి తేవాలంటే వందల రెట్లు ఆలస్యం. అసలు స్లో అదీ.

“మామూలు సీఎల్22 8 జీబీ స్టిక్ ఇంకోటి వేయించు” అన్నా. చోటు రెట్టింపు. డ్యూయల్ చానల్ కూడా వస్తుంది కాబట్టి, డేటా దారి సెకనుకు 25.6 జీబీ నుంచి 51.2 జీబీకి పెరుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాపీలో గేమ్స్‌కి ఇదే పెద్ద ప్లస్.

మీరు కొనేముందు మూడు చూడండి: స్లాట్ ఉందా, ర్యామ్ బోర్డుకే అతికించేశారా? డీడీఆర్4నా, 5నా? ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. లాపీ ఎంత జీబీ వరకు తీసుకుంటుంది? రెండు స్టిక్సూ కొత్తవే కొంటూ, రేటు కూడా ఒకటే అయితే తక్కువ సీఎల్ తీసుకోండి. దానికోసం జీబీలు మాత్రం తగ్గించుకోవద్దు.

నిన్న మావాడి మెసేజ్: “అన్నా, ఆండ్రాయిడ్ స్టూడియో, క్రోమ్ రెండూ తెరిచినా ఆగట్లేదు!” మిగిలిన డబ్బుతో పార్టీ ఎప్పుడని అడిగా. ఇంకా బ్లూ టిక్కులే.