ఒకే గది, రెండు పరీక్షలు

నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన భర్తకు నిద్ర కావాలి. పరీక్ష దగ్గరపడిన భార్యకు వెలుతురు కావాలి. పటాన్‌చెరులో వాళ్లకున్నది ఒకే అద్దె గది. కిటికీ మూసి, ఆమె పుస్తకాలతో మెట్ల మీదికి చేరుతుంది. ఆదివారం ఆయన దూరవిద్య క్లాసుకు వెళ్తే గది ఆమెదే. ఈ సంచిక ఆ మెట్ల మీదే పుట్టింది.

మన దగ్గర చదువూ పనీ ఇరుగుపొరుగున పెరిగాయి. పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1972లో వచ్చింది. చుట్టూ కార్ఖానాలు లేచాయి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలైన ఐఐటీ తర్వాత కందికి మారింది. పని మానకుండా డిగ్రీ చదివే దారిని 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం తెరిచింది. అయినా ‘పెళ్లయ్యాక ఇంకా చదువేంది?’ అనే మాట ఆగలేదు. (అదీ ఆమెనే అడుగుతారు, ఆయన్ని కాదు.)

ఈ పేజీల్లో త్యాగాల కథలు వెతకకండి. మాడిన కూరలున్నాయి, ఒకరి హాల్‌టికెట్ కోసం ఇంకొకరు జిరాక్సు షాపుకు పరుగెత్తిన పొద్దులున్నాయి, అలకలున్నాయి. మాకు నచ్చింది అదే.

మీ ఇంటి గోడ మీదా రెండు టైంటేబుళ్లుంటే మాకు రాయండి. వచ్చే సంచికలో రెండు పేజీలు మీకోసం ఉంచాం.