ఓట్సు కొనేముందు...

"డాక్టరుగారూ, ఇడ్లీలు మానేసి మూడు నెలలుగా ఓట్సే తింటున్నాను. షుగరు దిగలేదు సరికదా, బి.పి. కూడా పెరిగింది. ఇదేం న్యాయమండీ?" అంటూ ఆ మధ్య రిటైరైన మేష్టారొకరు వచ్చారు. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆయన తింటున్నది రెండు నిమిషాల్లో తయారయ్యే మసాలా ఓట్సు. పొద్దున ఒక పొట్లం, సాయంత్రం మరొకటి. ఆదివారం నాడు పాలల్లో ఉడికించి, "పంచదార కాదు గదా" అని రెండు చెంచాల తేనె!

ఓట్సు మంచి ఆహారమే, సందేహం లేదు. కాని ఆ పేరుతో కొట్లో దొరికేవన్నీ ఒకటి కావు.

పైపొట్టు తీసిన ఓట్సు గింజను రెండు మూడు ముక్కలుగా కోస్తే అది స్టీల్ కట్ రకం. చూడడానికి లావుపాటి గోధుమరవ్వలా ఉంటుంది. గింజను ఆవిరి పట్టి, మన అటుకుల్లాగా రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్సు. ఇంకా పలచగా నొక్కి, ముందే ఉడికించి ఆరబెడితే ఇన్‌స్టంట్ రకం. ఏది తిన్నా పోషకాలు ఇంచుమించు సమానమే. 40 గ్రాములకు సుమారు 150 కేలరీలు, 5 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాముల పీచు ఉంటాయి. తేడా అంతా అరుగుదల వేగంలో ఉంది. గింజ ఎంత నలిగితే అంత త్వరగా అందులోని పిండిపదార్థం చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. ఆ వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచికలో మొదటి రెండు రకాలు 55 చుట్టుపక్కల ఉంటే, ఇన్‌స్టంట్ రకం 80 దగ్గర ఉంటుంది. దానికి తేనె తోడైతే ఇక చెప్పేదేముంది? మసాలా పొట్లంలో అయితే ఉప్పు దండిగా ఉంటుంది. మేష్టారి బి.పి.కి అదీ ఒక కారణమే.

ఓట్సు ఉడుకుతుంటే గరిటెకు బంకగా అంటుకుంటుందే, అదే బీటా గ్లూకాన్ అనే పీచు. రోజుకు 3 గ్రాములు కడుపులో పడితే చెడ్డ కొలెస్టరాలు కొంత తగ్గుతుంది. 40 గ్రాముల ఓట్సులో అందులో సగం దాకా వస్తుంది. కొంత తగ్గుతుందన్నాను గాని, డాక్టరు రాసిన మాత్రలు మానేయమనలేదు సుమా!

ఇక వంట. స్టీల్ కట్ రకాన్ని రాత్రే నానబెట్టండి. పొద్దున ఒక గ్లాసుకు మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి సన్నసెగన ఉడికిస్తే పావుగంటలో మెత్తబడుతుంది. నానబెట్టకపోతే అరగంట పడుతుంది. కుక్కరులో పెట్టేవారు సగానికి మించి నింపకండి, నురుగు పొంగి విజిలుకు అడ్డుపడుతుంది. రోల్డ్ ఓట్సుతో ఉప్మా చేస్తే ముద్దయిపోతోందని గృహిణుల ఫిర్యాదు. ముందు నూనె లేకుండా దోరగా వేయించి, పోపులో బీన్సు, క్యారెట్టు మగ్గాక, కప్పుకు కప్పు నీళ్ళు మాత్రమే పోయండి. ఐదు నిమిషాలు చాలు. వేసవిలో అయితే పలచగా జావ కాచి, చల్లార్చి, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి తాగి చూడండి. మన రాగి అంబలికి దగ్గర చుట్టంలా ఉంటుంది. తీపి కావాలంటే అరటిపండు ముక్కలు నాలుగు చాలు.

గిన్నెడు ఓట్సు తిని, "ఇది టిఫినా, మందా?" అని పైన మూడు ఇడ్లీలు లాగించేవారు కూడా ఉన్నారు. వారికి ఏ రకమైనా ఒకటే!

మొదట్లో గ్యాసు, ఉబ్బరం వస్తే కొద్ది కొద్దిగా పెంచుకుంటూ, నీళ్ళు బాగా తాగండి. గోధుమ పడనివారు, ఓట్సులో గోధుమ కలిసే వీలుంది కనుక, గ్లూటెన్ లేదని పొట్లం మీద రాసినదే కొనాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడిగి తినాలి. థైరాయిడు మాత్ర వేసుకునేవారు అది మింగాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. పీచు ఆ మందును సరిగా ఒంటబట్టనివ్వదు.

ధర చూసి బెంగపడేవారికి ఒక మాట. ఓట్సు లేకపోతే ఆరోగ్యమే లేదని ఎవరూ అనలేదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, ఓట్సులో 50 చిల్లర మాత్రమే. జొన్నరవ్వ ఉప్మా కూడా తక్కువదేమీ కాదు.

మేష్టారికి పొట్లాలు మానిపించాను. రోల్డ్ ఓట్సు ఉప్మా వారానికి నాలుగు రోజులు, మిగతా రోజుల్లో రెండేసి ఇడ్లీలు, గిన్నె నిండా కూరముక్కలున్న సాంబారు. ఇడ్లీ మాట వినగానే ఆయన ముఖం వికసించింది. నెలాఖరుకు మళ్ళీ రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నాను.