లంద చరిత్ర కాదా?

మా గూడెంలో లందలు పూడిపోయి ముప్పయ్యేళ్లు. తంగేడు చెక్క ఎంత వెయ్యాలో, తోలు ఎన్నాళ్లు నానాలో చెప్పగలిగిన ముసలోళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు. నా దగ్గర చదువుకున్న పిల్ల ఎమ్మే అయ్యాక, ఈ పని చరిత్ర మీదే పై దేశంలో పరిశోధన చేస్తానంది. ఎస్సీ పిల్లలకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది గదా అని కాగితాలు ముందేసుకున్నాం. అంతలో 2022 ఫిబ్రవరిలో కేంద్రం షరతు పెట్టింది. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చదివేవాళ్లకు ఇవ్వరట. వాటికి విదేశమెందుకు, ఇక్కడే చదువుకోవచ్చు గదా అంటారు.

ఇక్కడే! ఎవరి కింద? మా తోలు వాసనకు ముక్కు మూసుకున్నోళ్ల కిందనా?

1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే అంబేద్కర్ కొలంబియా వెళ్లాడు. 1916 మే 9న అక్కడి సెమినార్లో చదివింది భారతదేశంలో కులాల మీద పత్రం. ఇదే షరతు ఆ రాజు పెట్టుంటే? ఏప్రిల్ 14న బాబాసాహెబ్ బొమ్మకు దండలేసే సర్కారే ఈ రూలు రాసింది. ఇంజనీరింగుకు పోండి, మేనేజ్‌మెంటుకు పోండి, డబ్బిస్తాం, మీ సంగతి మాత్రం మీరు రాయొద్దు. ఇదీ లెక్క. తెల్లోడొచ్చి మా మీద పుస్తకం రాసుకుంటే మాత్రం శాలువా కప్పుతారు.

"టాపిక్ మార్చుకోమంటారా సార్?" అనడిగింది ఆ పిల్ల. నాకు నోరు రాలేదు. వాళ్ల తాతకు ఎనభై దాటినయి. లంద సంగతి ఇంకా బాగానే చెప్తాడు, ఊపిరి అందినంతసేపు.